పొగ లేని పుట్టినరోజు

అమ్మను చలికాలంలోంచి బయటికి లాగాలని మహతి పట్టిన పంతం నెగ్గింది. గజపతినగరం దగ్గర వేణువలసలో వేణుగోపాలస్వామి గుడి ఉంది. నలభై ఒక్క ఏళ్లుగా ఆ గుడి ప్రసాదాలన్నీ కట్టెల పొయ్యి మీద వండుతున్నది మహతి తల్లి చూడామణి. నిరుటి ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున పొంగలి గిన్నె దించుతూ ఊపిరాడక కూలబడిపోయింది. నాలుగు రోజులు ఆస్పత్రిలో ముక్కుకి గొట్టం పెట్టుకుని ఉంది. ఈ ఏడు మంచు మొదలవగానే మహతి ఊరుకోలేదు. విజయనగరంలో తన సంగీతం పాఠాలకి సెలవు పెట్టి, ఇంట్లో అందరితో దెబ్బలాడి, అరవయ్యో పుట్టినరోజు పేరు చెప్పి తల్లిని అండమాన్ తీసుకొచ్చింది. పోర్ట్‌బ్లెయిర్‌ నుంచి పడవెక్కి వాళ్లిద్దరూ నీల్ దీవిలో దిగడం దాకా కిందటి వారం చూశాం. బయల్దేరిన రోజు తండ్రి కూర్మనాథం వాళ్లతో ఒక్క మాటా మాట్లాడలేదు. గర్భగుడి వైపు తిరిగి నిలబడిపోయాడు. ఆ వీపు మహతి కళ్లలోంచి ఇంకా పోలేదు.

పుట్టినరోజు నాడు మహతికి మెలకువ వచ్చేసరికి పక్క మంచం ఖాళీగా ఉంది.

ఇంటిదగ్గరైతే కంగారు పడేది. అక్కడ నవంబరు వచ్చిందంటే చూడామణి మూడు దిళ్లు ఎత్తుగా పెట్టుకుని, గోడకి చేరబడి కూర్చునే కునుకు తీసేది. ఆమె ఛాతీలో పిల్లికూతలు పక్కగదిలోకి వినపడేవి. ఈ దీవికొచ్చిన రెండో రోజున ఒక దిండు పక్కకి తీసేసింది. నాలుగో రోజుకి మిగిలిన రెండూ తీసేసి, చిన్నపిల్లలా వెల్లకిలా పడుకుని తెల్లారేదాకా నిద్రపోయింది. తల్లి అలా పడుకోగా చూడటం మహతికి ఎన్నేళ్ల తరవాతో. ఆ రాత్రి రెండుసార్లు లేచి, దగ్గరికెళ్లి వంగి, ఊపిరి శబ్దం విని వచ్చింది. పిల్లికూతలు లేవు. ఊపిరి మాత్రం ఉంది.

వరండాలోకొచ్చి చూస్తే సముద్రం కనిపించింది. పోటు తగ్గి నీళ్లు దూరంగా వెళ్లిపోయి, తీరం వెడల్పుగా, తెల్లగా పరుచుకుని ఉంది. మోకాలి లోతు నీళ్లలో, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని చూడామణి నిలబడి ఉంది. పక్కనే లక్ష్మణమ్మ.

లక్ష్మణమ్మది కళింగపట్నం. పన్నెండేళ్ల వయసులో అమ్మానాన్నలతో ఓడెక్కి ఇక్కడికొచ్చేసింది. ఇప్పుడు యాభై దాటాయి. దీవిలో మూడు గదులు అద్దెకిస్తుంది, ముందు వరండాలో భోజనాల బల్లలు వేసి నడుపుతుంది. వచ్చిన మొదటి రోజునే, తన వంటింట్లో చేపలు వండుతారు కాబట్టి గుడి నుంచి వచ్చినావిడకి ఇబ్బంది అవుతుందని, బజారుకెళ్లి కొత్త ఇడ్లీ పాత్ర, కొత్త గిన్నెలు కొనుక్కొచ్చింది. వరండాలో వేరే గ్యాసు పొయ్యి పెట్టించింది. ఎవరూ అడగలేదు.

మహతి దగ్గరికి రాగానే ఆమే అందుకుంది.

“నీకేటి బెంగ, మహతమ్మా. మీ యమ్మ నాకన్నా గట్టిగున్నాది. తెల్లారగట్ల నేసొచ్చి, లచ్మనమ్మా, సూరీడు ఏ పక్క పొడుస్తాడు అనడిగినాది. దగ్గు నేదు, ఆయాసం నేదు. సూడు, ఆ నడక సూడు.”

చూడామణి వెనక్కి తిరిగి కూతురిని చూసి నవ్వింది. నీళ్లలోంచి నడిచొచ్చేటప్పుడు ఎక్కడా ఆగలేదు. గుడి మెట్లు తొమ్మిది. వేణువలసలో ఆ తొమ్మిది ఎక్కడానికి రెండుసార్లు ఆగే మనిషి.

“అరవై నిండాయి కదే నాకు. ఇన్నేళ్లలో ఈ రోజున సూర్యోదయం చూడటం ఇదే మొదటిసారి. ఎప్పుడూ ఈ వేళకి కళ్లలో పొగే ఉండేది” అంది.

మహతి వంగి కాళ్లకి దండం పెట్టింది. కాళ్లకి అంటుకున్న ఇసుక ఆమె వేళ్లకి అంటుకుంది.

వరండాలో లక్ష్మణమ్మ వేడి ఇడ్లీలు, కొబ్బరిపచ్చడి వడ్డించింది. ఇన్నాళ్లూ చూడామణి ఆ వేరే పొయ్యి మీద తానే ఇంత అన్నం ఉడకేసుకుని తింటోంది. వేరేవాళ్లు వండింది ఆమె ముట్టి ఎరగదు. ఆ నియమం మీద మహతి ఎన్నడూ ఆమెను వాదనలోకి లాగలేదు. అందుకే ఇడ్లీలు తనకే అనుకుని పళ్లెం దగ్గరికి లాక్కోబోయింది. చూడామణి ఆ పళ్లెం తన ముందుకి జరుపుకుంది. ఇడ్లీ తుంచి, పచ్చడిలో అద్ది, కళ్లు మూసుకుని ఒక్క క్షణం స్వామిని తలుచుకుని నోట్లో పెట్టుకుంది.

మహతి అమ్మనే చూసింది.

“అలా చూడకు. రోజూ నేను వండితే స్వామి తిన్నాడు. నా పుట్టినరోజుకి ఈవిడ వండింది. నేను తినొద్దా” అంది చూడామణి. తరవాత లక్ష్మణమ్మతో, “పచ్చడిలో అల్లం కొంచెం తగ్గించు తల్లీ. మిగతాదంతా బావుంది” అంది.

“అలాగేనమ్మా. రేపట్నుంచి తగ్గిస్తాను” అని లక్ష్మణమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ లోపలికెళ్లిపోయింది.

అప్పుడే రేవు వైపు నుంచి పడవ కూత వినిపించింది. పొద్దున్న వచ్చే మొదటి పడవ. అది వచ్చిన పావుగంటకి లాడ్జి ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి మెరూన్ రంగు స్వెట్టరు తొడుక్కుని, చేతిలో మంకీ క్యాపు నలుపుకుంటూ, చెమటలు కారిపోతూ మహతి అన్న హరిచరణ్ దిగాడు. నుదుటి మీద నామం సగం కరిగిపోయి ఉంది.

హరిచరణ్‌కి ముప్పయ్యేడేళ్లు. తండ్రి తరవాత ఆ గుడి అర్చకత్వం అతనిదే. మంత్రం చదివితే గొంతు గంటలా ఖంగుమంటుంది. మంత్రం అయిపోయాక మాత్రం అతనికి ఎవరితో ఏం మాట్లాడాలన్నా భయమే.

అతను నేరుగా వరండాలోకొచ్చి తల్లి ముందున్న ఇడ్లీ పళ్లెం చూశాడు. పక్క బల్ల మీద వేరే ఎవరో తిని వెళ్లిన చేప ముళ్లు చూశాడు. చూపు తిప్పేసుకున్నాడు.

“అమ్మా, బట్టలు సర్దుకో. రెండింటి పడవకి మన ముగ్గురికీ సీట్లున్నాయి. రేపు పొద్దున్న విమానం. ఎల్లుండికి మనూళ్లో ఉంటాం” అన్నాడు.

“కూర్చో” అంది చూడామణి.

“కూర్చోడానికి టైం లేదమ్మా.”

“అన్నయ్యా, అమ్మకి ఇవాళ పుట్టినరోజు. ఆ మాట అయినా అన్నావా” అంది మహతి.

అతను తడబడి, గబగబా వంగి తల్లి కాళ్లకి మొక్కి, మళ్లీ నిటారుగా నిలబడ్డాడు. ఆ మొక్కులో భక్తి లేక కాదు. మనసు అక్కడ లేదు.

“ఆదివారం కూడారై. మూడు రోజులే ఉంది” అన్నాడు.

ధనుర్మాసంలో ఇరవయ్యేడో రోజు కూడారై. ఆ రోజు వేణువలస గుడిలో స్వామి ముందు నూట ఎనిమిది గిన్నెల్లో తీపి పొంగలి పెడతారు. పాలు, బెల్లం పోసి, పైన మోచేతి దాకా కారేంత నెయ్యి పోసి చేసే పొంగలి. చుట్టుపక్కల పది ఊళ్లవాళ్లు దాని కోసం వస్తారు. దాన్ని చేసేటప్పుడు ఆరు గంటలు పొయ్యి దగ్గర్నించి కదలకూడదు. నిరుడు చూడామణి కూలబడింది ఆ పొంగలి దించుతూనే.

“ఆ రోజు ఆస్పత్రిలో నువ్వూ ఉన్నావు కదా” అంది మహతి. “డాక్టరు ఏమన్నాడో నీకు వినపళ్లేదా.”

“విన్నాను. ఒక్క రోజే కదా. ముక్కుకి తడిగుడ్డ కట్టుకోవచ్చు. గిన్నెలు దించడానికి నేనుంటాను.” అతను మహతి వైపు చూడకుండా తల్లితోనే అన్నాడు. “జగన్నాధంగారు తేల్చి చెప్పేశారమ్మా. కూడారై పొంగలి నీ చేతిది కాకపోతే ఆ వంటిల్లు కాంట్రాక్టు వాళ్లకి ఇచ్చేస్తారట. నాలుగు తరాల నుంచి ఆ పొయ్యి మన ఇంటి ఆడవాళ్లది. నీ అత్తగారిది, ఆవిడ అత్తగారిది. నా హయాంలో అది పోవాలా?”

జగన్నాధం ఆ ఊరి షావుకారు. గజపతినగరంలో బియ్యం కొట్టు ఉంది. గుడి కమిటీకి పెద్ద.

“పోతే పోనీ” అంది మహతి. “ఆ పొయ్యి దగ్గర నాయనమ్మ దగ్గుతూ దగ్గుతూ పోయింది. ఆవిడ అత్తగారూ అంతేనని నాయనమ్మే చెప్పేది. అది హక్కని నువ్వంటున్నావు. నాకలా కనపట్టం లేదు.”

“ఒసే, నీకు పాఠాలు చెప్పుకోడం, సినిమా పాటలు పాడుకోడం తెలుసు. గుడి సంగతి నీకేం తెలుసు?”

“గుడి సంగతి కాదు మాట్లాడుతున్నది. అమ్మ సంగతి.”

ఈ మాటల మధ్య చూడామణి రెండో ఇడ్లీ పూర్తి చేసింది. చెయ్యి కడుక్కుని వచ్చి, కొంగుకి తుడుచుకుని కూర్చుంది. ఆమె తొందర పడకపోవడం చూసి అన్నాచెల్లెళ్లిద్దరూ మాట ఆపారు.

“హరీ, మీ నాన్నగారు ఏటన్నారు?” అని అడిగింది.

అతని చూపు సముద్రం మీదకి పోయింది. “ఆయనేం అంటారు. ఎప్పుడైనా ఏమన్నా అంటారా.”

“నేను వచ్చాక వంట ఎవరు చేశారు?”

“నాన్నే.”

“ఎలా ఉంది?”

హరిచరణ్ మంకీ క్యాపు చేతుల్లో తిప్పాడు. అబద్ధం అతనికి సరిగ్గా రాదు. “నీ వంట లాగే ఉంది. మొదటి రెండు రోజులు ఊళ్లోవాళ్లు నువ్వు వెళ్లలేదనే అనుకున్నారు. పులిహోర తిని శివాజీ మావయ్య, మీ అమ్మ ప్రయాణం మానుకుందా అని అడిగాడు.”

చూడామణి ముఖం విప్పారింది. ఆ నవ్వు ఎందుకో మహతికి అర్థం కాలేదు. తండ్రి అరవయ్యారేళ్లలో ఒక్క రోజు కూడా పొయ్యి ముందు కూర్చున్నట్టు ఎవరూ చూడలేదు. మంచినీళ్లు కావాలన్నా ఇంట్లో ఎవరో అందించాలి. అలాంటి మనిషి పులిహోర చేయడమేమిటి? అది అమ్మ పులిహోర లాగా ఉండటమేమిటి?

“అమ్మా, నాన్నకి వంటెలా వచ్చింది?” అని అడిగింది.

“నేను నేర్పాను.”

“ఎప్పుడు?”

చూడామణి కాళ్లు పైకి పెట్టుకుని, సర్దుకుని కూర్చుని చెప్పింది. గట్టిగా చెప్పలేదు. దాచుకున్నదీ లేదు.

“కార్తీకమాసంలో ఒకరోజు గజపతినగరం వెళ్లి జాకెట్టు గుడ్డ తెచ్చుకుంటానని మీకు చెప్పాను, గుర్తుందా? ఆవేళ మీ నాన్నగారూ నేనూ విజయనగరం వెళ్లాం. ఛాతీ డాక్టరు దగ్గరికి. ఆయన నా ఫిల్ము లైటు ముందు పెట్టి చాలాసేపు చూశాడు. చూసి, ఏమనుకోకండమ్మా, మీకు చుట్ట అలవాటుందా అని అడిగాడు. మీ నాన్నగారికి కోపం వచ్చింది. ఏటనుకుంటన్నారు మా గురించి, అన్నారు. డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. నలభయ్యేళ్లు రోజూ చుట్టలు కాల్చిన మనిషి ఛాతీ ఎలా ఉంటాదో ఇది అలా ఉందండీ. ఇంక ఒక్క చలికాలం ఆ పొగలో కూర్చుంటే మాత్రం నా దగ్గరికి తీసుకురావద్దు, తెచ్చినా నేను చేయగలిగింది లేదు. అలా అన్నాడు.”

హరిచరణ్ బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. ఇంతసేపూ కూర్చోనన్న మనిషి.

“బస్సులో మీ నాన్నగారు ఒక్క మాట మాట్లాడలేదు. గజపతినగరంలో దిగాం. వేణువలస ఆటో కోసం నిలబడ్డాం. అప్పుడు నా వైపు చూడకుండా, రోడ్డు మీద పోయే లారీలు చూస్తా, పులిహోరకి చింతపండు ఎంతసేపు నానబెడతావు, అనడిగారు.”

ఆమె ఆగింది. లోపల లక్ష్మణమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు కూడా ఆగింది.

“నాకు ముందర అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడుపొచ్చింది. మర్నాటి నుంచి నేను వంటింటి గుమ్మం బయట పీట వేసుకుని కూర్చుని చెప్పడం, ఆయన లోపల చేయడం. తలుపు సగం వేసుకునేవాళ్లం. నెల రోజులు. పోపు రెండుసార్లు మాడ్చారు. చెయ్యి ఒకసారి కాల్చుకున్నారు. ఆఖరికి కుదిరింది. మీ ఇద్దరికీ తెలీదు, ఊళ్లోనూ తెలీదు.”

“మరి నేను టిక్కెట్లు తీసి, మీ ఇద్దరి మీదా అరిచి...” మహతి మాట పూర్తి చేయలేకపోయింది.

“నువ్వు అరుస్తుంటే మీ నాన్నగారు లోపలికెళ్లి నవ్వుకున్నారు. మనం అడుగుదామనుకునేలోపు అదే అడిగింది, నయమైంది, అన్నారు.”

“మనం బయల్దేరేటప్పుడు ఆయన ముఖం తిప్పుకున్నారు కదా. నాతో మాట్లాడలేదు కదా.”

“కళ్లనీళ్లు వచ్చాయే. కూతురికి కనపడటం ఇష్టం లేక అటు తిరిగారు.”

మహతికి ఒక్కసారిగా నవ్వూ సిగ్గూ రెండూ వచ్చాయి. నెల రోజులుగా ఇంటిల్లిపాదినీ ఎదిరించి అమ్మను గెలుచుకొచ్చానని లోలోపల ఎంత పొంగిపోయిందో ఆమెకే తెలుసు. తీరా చూస్తే తనతో పోట్లాడేందుకు అక్కడ ఎవరూ లేరు. నాన్న వీపు చూసి తాను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చాయి. అయినా బాధ కలగలేదు. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో తాను ఒంటరిదాన్ననుకుంది. కాదని తెలియడం హాయిగా ఉంది.

హరిచరణ్‌కి మాత్రం అలా లేదు. స్వెట్టరు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. “నాకెందుకు చెప్పలేదమ్మా” అన్నాడు చివరికి.

“నీకు చెప్తే భయపడతావు. భయపడితే వెళ్లి జగన్నాధంగారికి చెప్తావు. ఆయన ఊరంతటినీ కూర్చోబెడతాడు. నువ్వు మంచోడివిరా హరీ. నీ మంచితనానికి కాస్త ధైర్యం తోడు కావాలి. అది నేను నీకు పెట్టలేకపోయాను. నా తప్పే.”

అతను తల వంచుకున్నాడు.

“నేను రాను” అంది చూడామణి. “ఆదివారం కూడారై పొంగలి మీ నాన్నగారు చేస్తారు. నేర్పాను. ఆయన చేయగలరు. మగవాడు చేయకూడదని ఏ శాస్త్రంలోనైనా ఉంటే నువ్వే చదివావు కదా, చెప్పు. లేదు కదా. ఇక జగన్నాధంగారు ఒప్పుకోవడం అంటావా, ఆయనతో నేనే మాట్లాడతాను. ఫోను కలుపు.”

“వద్దమ్మా.”

ఆ ‘వద్దు’ మరీ తొందరగా వచ్చింది. మహతి అన్న ముఖంలోకి చూసింది. చిన్నప్పుడు గుడి గంట తాడు తెంపి, ఎవరో తెంపారని చెప్పినప్పుడు కూడా అతని ముఖం ఇలాగే ఉంది. ఆమె ఇంకేమీ అడగలేదు. తన ఫోనులో జగన్నాధం నంబరు వెతికి కలిపి, సముద్రం హోరులో అమ్మకి వినపడటానికి స్పీకరు పెట్టి, బల్ల మీద ఉంచింది.

నాలుగోసారి మోగాక ఎత్తారు.

“జగన్నాధంగారూ, నేను గుడి వంటింటి చూడామణిని.”

నలభై ఒక్క ఏళ్లలో ఆమె ఆయనతో నేరుగా మాట్లాడటం అదే మొదలు. ఎప్పుడైనా ప్రసాదం పొట్లం చేతిలో పెట్టడమే కానీ మాట లేదు.

“సెప్పండమ్మగారూ. ఎలా ఉంది ఒంట్లో?”

“బాగుందండీ. చాలా బాగుంది. కూడారైకి నేను రాలేనని చెప్పడానికి చేశాను. పొంగలి మావారు చేస్తారు. ఈ మాత్రానికి మీరు వంటిల్లు కాంట్రాక్టు వాళ్లకి ఇవ్వక్కర్లేదు.”

“కాంట్రాక్టేటమ్మగారూ? ఆ మాట నేనెప్పుడన్నాను? ఎవరు సెప్పారు మీకు?”

చూడామణి కొడుకు వైపు చూసింది. హరిచరణ్ కళ్లు మూసుకున్నాడు.

ఫోనులో జగన్నాధం గొంతు మారింది. “సరే, అది తరవాత సూద్దాం. ముందర ఇది సెప్పండి. ఆచార్లుగారు అక్కడికి సేరారా?”

“ఎవరు?”

“కూర్మనాథం ఆచార్లుగారండీ. మొన్న పొద్దున్న నరసన్నపేట నుంచి వాళ్లన్నగారబ్బాయి కామేష్‌గారిని పిలిపించి, పూజ ఆయనకి అప్పజెప్పి, తాళాలు నా సేతిలో పెట్టి, అబ్బాయిని వెంటబెట్టుకుని మీ దగ్గరికే బయల్దేరారు కదా. సేరలేదా ఇంకా?”

మహతి వాకిట్లో ఖాళీగా నిలబడ్డ ఆటో వైపు చూసింది. అన్న ఒక్కడే దిగాడు. తాను కళ్లారా చూసింది.

“చేరారు” అంది చూడామణి. ఆ మాట ఎలా అనగలిగిందో తరవాత ఎంత ఆలోచించినా మహతికి అంతుపట్టలేదు. గొంతు చెదరలేదు.

“అయితే ఆయనకో మాట సెప్పండి. నిన్న నేను వంటింటి తాళం తీసి సూశాను. లోపల ఏటున్నాదో నా నోటితో మీకు సెప్పలేను, ఆయన్నే అడగండి. ఆదివారం లోపల ఆయనొచ్చి ఊరి ముందు నిలబడి జవాబు సెప్పాలి. నేదంటే ఆ గుడి గుమ్మం ఆయన మళ్లీ తొక్కడం కష్టం. నేను ఆపినా ఊరు ఆగదు.” ఫోను పెట్టేశాడు.

“మీ నాన్నగారు ఎక్కడ?” అంది చూడామణి.

“రేవులో ఉన్నారమ్మా. షెడ్డు కింద కూర్చోబెట్టి వచ్చాను.” హరిచరణ్ ఒళ్లోని స్వెట్టరు బల్ల మీద పెట్టాడు. “ధనుర్మాసంలో స్వామిని వదిలి ఊరు దాటతారా ఎవరైనా. ఎందుకు అనడిగితే చెప్పరు. విమానంలో చెప్పలేదు, పడవలో చెప్పలేదు. నువ్వు తిరిగొస్తే ఆయనా వస్తారు, కూడారైకి అందుకుంటాం, ఊళ్లో పరువు దక్కుతాది అనుకున్నాను. అందుకే జగన్నాధంగారి పేరు వాడుకున్నాను.”

“ఆయన ఇక్కడికి ఎందుకు రాలేదు?”

“నువ్వెళ్లి ముందు మీ అమ్మ ఎలా ఉందో చూసి రా అన్నారు. ఆయాసం ఉందో లేదో చూసి రమ్మన్నారు. ఉంటే మాత్రం తనకి చెప్పొద్దన్నారు.”

చూడామణి లేచింది. ఆటో ఎక్కమని మహతి అంటే వినలేదు. లక్ష్మణమ్మ గొడుగు తీసుకుని వెనకాల పరిగెత్తితే అదీ తీసుకోలేదు. కొబ్బరి చెట్ల మధ్య రోడ్డు మీద, ఎండలో, పది నిమిషాల దూరం చేతులూపుకుంటూ నడిచింది. మధ్యలో ఒక చిన్న మిట్ట కూడా ఉంది. అదీ ఆగకుండానే ఎక్కింది. వెనక నడుస్తున్న హరిచరణ్ ఆ నడకనే చూస్తున్నాడు. మిట్ట మీద అతనే ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకోవలసి వచ్చింది.

రేవులో షెడ్డు కింద సిమెంటు బల్ల మీద కూర్మనాథం కూర్చుని ఉన్నాడు. తెల్లపంచె, భుజం మీద శాలువా, ఒళ్లో గుడ్డసంచి. చుట్టూ రంగురంగుల టోపీలు పెట్టుకున్న జనం ఫొటోలు తీసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆయన ఎవరినీ చూడటం లేదు. రోడ్డు వైపే చూస్తున్నాడు. భార్య కనపడగానే లేచి నిలబడి, ఆమె అడుగులు లెక్కపెడుతున్నట్టు కళ్లార్పకుండా చూశాడు.

ఆమె దగ్గరికొచ్చి నిలబడింది. ఆయన కొంచెం తల వంచి, పాట శ్రుతి వినేవాడిలా ఆమె ఊపిరి విన్నాడు. పిల్లికూతలు లేవు.

“నడిచే వచ్చావా?” అన్నాడు.

“నడిచే వచ్చాను.”

“ఎక్కడైనా ఆగావా?”

“లేదు. మీ అబ్బాయి ఆగాడు.”

కూర్మనాథం మెల్లగా కూర్చున్నాడు. మొన్నటి నుంచి బిగబట్టుకున్నదేదో ఆయన భుజాల్లోంచి దిగిపోయినట్టనిపించింది మహతికి. ఆయన కుడిచేతి బొటనవేలి కింద పెద్ద బొబ్బ చిట్లి ఉంది. మంటకి కాలిన బొబ్బ కాదది. గునపం పట్టుకున్న చేతికి లేచే బొబ్బ.

“జగన్నాధంగారితో ఇప్పుడే మాట్లాడాను” అంది చూడామణి, ఆయన పక్కన కూర్చుంటూ. “వంటింట్లో ఏముందో మిమ్మల్నే అడగమన్నారు. ఏం చేశారు?”

ఆయన ముందు కొడుకు వైపు చూశాడు. తరవాత కూతురి వైపు చూశాడు. ఈసారి ముఖం తిప్పుకోలేదు.

“నువ్వు వెళ్లిన నాలుగో రోజు పొద్దున్న, దద్ధోజనం కలుపుతుంటే నాకూ దగ్గు మొదలైంది” అన్నాడు. “నేర్చుకున్నప్పుడు రోజుకో గంటే కూర్చున్నాను. పూటంతా కూర్చున్న నాలుగు రోజులకే నాకిలా ఉంటే, నలభై ఒక్క ఏళ్లు నువ్వెలా కూర్చున్నావో అప్పుడు తెలిసింది. గుడికి జనం రాకుండా తలుపు వేశాను. స్వామికి నమస్కారం చేసి చెప్పే చేశాను. ఆ పొయ్యి పగలగొట్టేశాను, చూడామణీ. ఇటుక మీద ఇటుక లేదు.”